అర నిమిషం తెల్లగుడ్డ

“అక్కా, ప్రతి క్యాసెట్టు మొదట్లో అర నిమిషం ఏమీ లేదు. సుమ్నే, ఊరికే తెల్లగుడ్డొకటి కనిపిస్తాది. కోసేద్దునా?”

పాత వీడియో క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించి ఇచ్చే దుకాణం నుంచి వచ్చిన ఫోను అది. నేను అప్పుడే బడిలో పాఠాలు ముగించుకొని ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడి ఉన్నాను. ఈమధ్య ఎవరు ఏది అడిగినా సరేననడమే నాకు తేలిక. నోటిదాకా వచ్చిన ఆ సరేను ఎందుకో మింగేశాను. “ఏమీ చెయ్యొద్దప్పా, నేనొచ్చి చూస్తా” అన్నాను.

నాయన పోయాక ఆ క్యాసెట్లు అటక మీద గోనెసంచిలో ఉండిపోయాయి. మొన్న ఇంటికి సున్నం కొట్టిస్తూ అమ్మ వాటిని దింపించి, “ఉంచేదా, పారేసేదా, ఏదో ఒకటి చెప్పు తల్లీ” అంది. చాలావాటికి బూజు పట్టింది. ఆడేవి నాలుగో ఐదో ఉంటాయని దుకాణమతను ముందే చెప్పాడు. వాటిలో నేను చూడాలనుకున్నది ఒకటే ఉంది. చూడకూడదనుకున్నదీ అదే. మా ఊరి సావుకారు కూతురి పెళ్ళి క్యాసెట్టు.

ఆ తెల్లగుడ్డ సంగతి చెప్పాలంటే ముందు మా ఊరి ఎరుపు సంగతి చెప్పాలి.

మా ఊరు సండూరు కొండల నుంచి లారీలు దిగే దారి మీద ఉంది. నా చిన్నతనంలో ఉన్నట్టుండి ఇనుమున్న మా ఎర్రమట్టికి ఎక్కడలేని గిరాకీ వచ్చింది. సముద్రాల అవతలి వాళ్ళెవరికో అది కావాల్సి వచ్చిందట. దోణిమలై వైపు నుంచి, తారానగర్ వైపు నుంచి లారీలు ఒకదాని వెనక ఒకటి తెంపులేకుండా వచ్చేవి. బడికి పోవడానికి రోడ్డు దాటాలంటే మేం పిల్లలం చేతులు పట్టుకొని గుంపుగా నిలబడి, ఎవరైనా డ్రైవరుకు దయ కలిగేదాకా చూడాల్సి వచ్చేది. జొన్నలు, చెనిక్కాయలు పండే చేలను రైతులు మట్టి కుప్పలు పోసుకోవడానికి బాడుగకిచ్చి, ఆ బాడుగతో తామూ లారీలు కొన్నారు. మా పెదనాయనా కొన్నాడు. చెట్ల ఆకులు, ఇంటి గోడలు, ఎనుముల వీపులు, మా కనురెప్పలు, అన్నీ ఒకటే రంగు. అమ్మ అన్నం గిన్నె మూత తీసేముందు మూతను తుడిచేది. తుడిచిన గుడ్డను ఉతికేది. ఉతికి ఆరేస్తే అది మళ్ళీ ఎర్రబడేది. కొన్నాళ్ళు పోరాడి ఆమె మానేసింది. అందరం మానేశాం. మా కళ్ళు ఆ రంగుకు ఎంతగా అలవాటు పడ్డాయంటే, అది అసలు రంగే కాదన్నట్టు ఉండేది.

కెమెరాకు ఆ అలవాటు లేదు.

నాయనకు భుజాన పెట్టుకునే పెద్ద వీడియో కెమెరా ఉండేది. పెళ్ళిళ్ళు, నామకరణాలు, గృహప్రవేశాలు తీసేవాడు. మొదలుపెట్టే ముందు ఏదైనా తెల్లటి వస్తువును దానికి చూపించి పక్కనున్న మీట నొక్కాలి. ఇదీ తెలుపు అని దానికి చెప్పడమన్నమాట. దాన్నిబట్టి అది మిగతా రంగులన్నీ సరిచేసుకుంటుంది. “దీనికి సొంత బుద్ధి లేదు పాపా. మనం ఏది తెలుపని చూపిస్తే అదే తెలుపనుకుంటాది” అనేవాడు నాయన. ఎర్రబారిన గుడ్డను తెలుపని చూపించామా, ఆ ఎరుపును పోగొట్టడానికి అది మనుషుల ముఖాల్లోంచి కూడా ఎరుపు లాగేస్తుంది. అందరూ నీలంగా పడతారు. పోనీ తీస్తున్నప్పుడే తెలుస్తుందా అంటే, కన్ను పెట్టి చూసే ఆ చిన్న అద్దంలో అంతా నలుపూ తెలుపే. ఇంటికొచ్చి టీవీలో వేసుకున్నాకే తప్పు బయటపడుతుంది.

అందుకని మా ఇంట్లో ఒక తెల్లగుడ్డ ఉండేది. అమ్మ పుట్టిల్లు హగరిలో. అక్కడిది నల్లరేగడి, పత్తి పండే నేల. మా ధూళి అంతదూరం వచ్చేది కాదు. తాత కొత్త పంచెలోంచి చింపిన రెండు మూరల గుడ్డ అది. దాన్ని హగరిలో బావినీళ్ళతోనే ఉతకాలి, అక్కడే ఆరెయ్యాలి, మడిచి బిస్కెట్ల రేకుడబ్బాలో పెట్టి మూత బిగించి తేవాలి. మా ఊళ్ళో ఆ డబ్బా తెరిచేది కెమెరా ముందు మాత్రమే. ఆ ఒక్క గుడ్డ కోసం అమ్మ నెలకోసారి రైలెక్కి పోయి వచ్చేది. నాయనను కన్న తల్లి, మా జేజి, అరుగు మీద కూర్చొని గొణిగేది. “మొగుని పంచె ఈడనే ఉతుకుతాది, గుడ్డపేలిక రైలెక్కి పోతాది. ఏం రాజభోగమప్పా దానిది.”

నాయనకు ఇంకో అలవాటు ఉండేది. క్యాసెట్లో ముందుగా నలిగేదీ, ఆడించి ఆడించి అరిగేదీ దాని మొదలే. అందుకని మొదటి అర నిమిషంలో ముఖ్యమైనదేదీ తీసేవాడు కాదు. క్యాసెట్టు తిరుగుతుండగానే గుడ్డను చూపించి, మీట నొక్కి, ఆ తర్వాత పనిలోకి దిగేవాడు. ఇళ్ళవాళ్ళకు ఇచ్చే కాపీలో ఆ అర నిమిషం ఉండదు. బడి లేని రోజుల్లో గుడ్డ రెండు కొసలు పట్టుకొని కెమెరా ముందు నిలబడేది నేనే.

ఇంత చెప్పినా నాయన గురించి అసలు సంగతి చెప్పలేదు. ఊళ్ళో ఆయన్ని పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. అందరూ అవ్వ అనేవాళ్ళు. మా కేబుల్ యజమానికి సొంతంగా ఒక చానెల్ ఉండేది. వారమంతా అందులో పాత సినిమాలు, చీరల దుకాణం ప్రకటనలు, పిల్లల పుట్టినరోజు ఫొటోలు. ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక ఒక గంట మాత్రం నాయనది. జేజి పాత ఇలకల్ చీర కట్టి, దారంతో చెవులకు తగిలించుకున్న కళ్ళద్దాలు పెట్టి, ఒళ్ళో ఆకువక్క సంచితో మా ఇంటి అరుగు మీద కూర్చునేవాడు. కేబుల్ ఆఫీసు ముందున్న డబ్బాలో జనం వేసిన చీటీలు చదివి ఒక్కొక్కరినీ తిట్టేవాడు. తెలుగులో మొదలైన తిట్టు కన్నడంలోకి వెళ్ళి ముగిసేది. కెమెరాను స్టాండు మీద పెట్టి, తానే మీట నొక్కి, చీర కుచ్చిళ్ళు పట్టుకొని పరుగున వెళ్ళి అరుగెక్కేవాడు. తిట్టించుకోవడానికి జనం చీటీల మీద చీటీలు రాసేవాళ్ళు.

ఒకటి ఇప్పటికీ గుర్తుంది. కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయి ఎవరో, ముద్దపప్పులో కారం ఎందుకేశావని మొగుడు రోజూ గొడవపడుతున్నాడు, వేయలేదంటే నమ్మడం లేదు అని రాసింది. అవ్వ కళ్ళద్దాలు ముక్కు చివరికి దింపి కెమెరాలోకి చూసింది.

“ఒరే అబ్బయ్యా, అది కారం గాదురా, దోణిమలై. పెండ్లాన్ని తిట్టేది నిలిపి కమ్మగ తిను. పట్నంలో ఇదే ఇనుమును మాత్రలు చేసి డాక్టర్లు అమ్ముతాండారు. నీకు పెండ్లాం చేతి మీద పుక్కటగ దొరుకుతాది.”

మరునాడు పొద్దున ఉగ్గాని తినే బండి దగ్గర, బస్టాండులో, మా బడిలో, అందరి నోటా అదే మాట. జేజి మాత్రం టీవీ ముందు కాళ్ళు చాపుకొని, “నా చీర, నా సంచి, నా నోరు. నన్ను అమ్ముకొని తింటాండాడు నా కొడుకు” అనేది. ఆదివారం వస్తే ఇరుగుపొరుగుని కేకేసి పిలిచేదీ ఆమే. వేయించిన చెనిక్కాయల వాసన, జేజి పొగాకు వాసన, నాయన ముఖానికి పట్టించిన పౌడరు వాసన ఆ గదిలో కలిసి తిరిగేవి. పెద్ద లైటు వేసినప్పుడు దాని మీద పేరుకున్న ధూళి కాలి ఒక ఇనుప వాసన వచ్చేది. ఇప్పటికీ ఎక్కడైనా పాత బల్బు వేడెక్కితే నాకు నాయన చీర కట్టుకున్నాడనిపిస్తుంది.

నవ్వేవాళ్ళు నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చేది. బడిలో నన్ను ‘అవ్వ మనమరాలా’ అని పిలిచేవాళ్ళు. “మీ నాయన రైక గూడ తొడుక్కుంటాడంట గదా” అని ఒకతి అడిగితే దాని జడ పట్టి లాగాను. సాయంత్రం దాకా బెంచీ మీద నిలబెట్టారు. ఇంటికొచ్చి నాయనతో రెండు రోజులు మాట్లాడలేదు. ఆయన అవ్వ గొంతు పెట్టి, “మనమరాలికి కోపమొచ్చిందంట, ఎవురన్నా ఒక రొట్టె పెట్టండప్పా” అన్నాడు. నాకు ఇంకా మండింది. ఆ వయసులో నాకు కావాల్సింది అందరి నాయనల్లాంటి నాయన. నా కంటే ఊరికి ఎక్కువ కావాల్సిన నాయన కాదు.

మా అరుగు మీదికి సావుకారు వచ్చింది శ్రావణమాసం ముందు. ఊరి బయట అన్నిటికంటే పెద్ద మట్టి యార్డు ఆయనదే. అప్పటికి కొన్నాళ్ళ ముందే కేబుల్ యజమాని నాయనతో తేల్చి చెప్పేశాడు. పెద్ద పెద్ద చానెళ్ళు వచ్చాయి, నీ గంట నాకు గిట్టడం లేదు, ఎవరైనా పెద్దమనిషితో ప్రకటనలిప్పించు, లేకుంటే దసరాకు నిలిపేద్దాం అన్నాడు. నాయన ఆ సంగతి అమ్మతో చెబుతుంటే విన్నాను. అవ్వ నిలిచిపోతుందంటే నాకు లోపల సంతోషమే కలిగింది. నాయన ముఖం చూశాక ఆ సంతోషం మీద నాకే రోత పుట్టింది.

సావుకారు అమ్మ పెట్టిన ఉగ్గాని, మిరపకాయ బజ్జి తింటూ మాట్లాడాడు. “మా పాప పెండ్లి నువ్వే తియ్యాలప్పా. బెంగుళూరోళ్ళు వస్తామని వెంట పడతాండారు. నాకొద్దు. మన అవ్వ ఉండగా వాళ్ళెందుకు? పెండ్లి బాగ తీస్తివా, ఏడాదంతా నీ ప్రోగ్రాముకు నేనుండా. కేబులోనితో నేను మాట్లాడతా.” చెయ్యి కడుక్కొని తువాలుతో తుడుచుకుంటూ, “కాకపోతే ఒకటి. ఆ ధూళి మాటలు రవ్వంత తగ్గిచ్చమని అవ్వకు చెప్పు” అన్నాడు.

“అవ్వ ఎవురి మాటా వినదు సావుకారే” అని నాయన నవ్వాడు.

“నీ మాట వింటాది లేప్పా” అని సావుకారు కూడా నవ్వాడు.

కారు వెళ్ళిపోయాక జేజి లోపలి నుంచి అడిగింది. “చేను బాడుగకు పాయె. ఇంగ నా నోరు గూడ పోయిందా?”

ఆ వారం అవ్వ కోడళ్ళను పీడించే అత్తలను, పరీక్షలు తప్పిన పిల్లలను తిట్టింది. తన బిడ్డ దగ్గుతో నిద్రపోవడం లేదని, లారీల మీద పట్టా కప్పమని అవ్వ చెబితేనైనా వింటారని ఎవరో తల్లి రాసిన చీటీని నాయన చదవకుండా ఆకువక్క సంచి కిందికి తోసేయడం నేను అరుగు పక్కన నిలబడి చూశాను. జనం వీధిలో ఆపి, “ఏమవ్వా, ఒంట్లో బాగలేదా?” అని అడిగారు.

ఇంతలో జెండా పండుగ వచ్చింది. ఎవరో పెద్ద అధికారి వస్తున్నాడని మా హెడ్‌మాస్టరు తెల్లబట్టల కోసం పట్టుబట్టాడు. ఆడపిల్లలు భుజం మీంచి నడుముకు అడ్డంగా తెల్లపట్టీ వేసుకోవాలి. తెల్లగా ఉన్నవాళ్ళు ముందు వరసలో, లేనివాళ్ళు వెనక వరసలో. నా పట్టీ టీ నీళ్ళ రంగులో ఉంది. ప్రతి ఏడాదీ నేను వెనక వరసే. ఆ పొద్దున అమ్మ పొయ్యి దగ్గర ఉంది, నాయన ఇంట్లో లేడు. నేను బీరువా కింది అరలోంచి బిస్కెట్ల డబ్బా తీశాను.

ఆ రోజు నన్ను ముందు వరసలో, సరిగ్గా జెండా ఎదురుగా నిలబెట్టారు. “తెలుపంటే ఇదీ. అందరూ చూడండి” అన్నారు టీచరు. నన్ను ఎవరూ అవ్వ మనమరాలా అనలేదు. చేతిలో పెట్టిన బూందీ కూడా తినకుండా, గుడ్డకు అంటుకుంటుందని చెయ్యి దూరంగా పట్టుకొని నిలబడ్డాను. ఇంత సంతోషం తర్వాత ఎన్నిసార్లు పడ్డానో లెక్కపెట్టి చెప్పగలను.

తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు దాటడానికి చాలాసేపు నిలబడాల్సి వచ్చింది. లారీలు పోతూనే ఉన్నాయి. ఇల్లు చేరేసరికి గుడ్డ మీద సన్నటి పొడి. పెరట్లో కొళాయి కింద సబ్బు పెట్టి రెండుసార్లు ఉతికాను, నీలిమందు పెట్టాను, ధూళి తగలకుండా, అమ్మ కంట పడకుండా మంచం కింద ఆరేశాను. ఎండాక నా యూనిఫాం పక్కన పెట్టి చూస్తే మల్లెపువ్వులా కనిపించింది. ఎప్పట్లానే ఉందని నాకు నేను చెప్పుకొని, అవే మడతల్లో మడిచి, డబ్బాలో పెట్టి మూత బిగించాను. అమ్మ దాన్ని హగరి నుంచి తెచ్చి వారం కూడా కాలేదు. పెళ్ళయ్యేదాకా మళ్ళీ వెళ్ళే పని లేదు.

పెళ్ళి ఆ తర్వాతి ఆదివారం, సావుకారు యార్డులోనే. కుప్పలు పక్కకు జరిపించి, ట్యాంకర్లతో నేల తడిపించి, అంతమేరా పందిరి వేయించాడు. దుమ్ము రేగకూడదని ఆ దారిలో తన లారీలన్నీ ఆపించి, పక్క యార్డుల వాళ్ళ చేత కూడా ఆపించాడు. మా ఊళ్ళో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. “చూడు పాపా, కొండ కనపడతాంది” అని నాయన వేలు పెట్టి చూపించాడు. నిజంగానే కనపడుతోంది, సగం తొలిచేసిన కొండ. వెనక వంటపందిట్లోంచి నేతి ఓళిగల, అంటే బొబ్బట్ల, వాసన వస్తోంది. నాయన కొత్త చొక్కా వేసుకున్నాడు. ఆ ఏడాది అంతా ఆ ఒక్క రోజు మీదే ఆధారపడి ఉందని అమ్మ పొద్దున్నే దేవునికి చెప్పుకోవడం మేమిద్దరం విన్నాం.

నాకు గుర్తున్నంతవరకు డబ్బా తెరిచాను, గుడ్డ పట్టుకొని నిలబడ్డాను, నాయన మీట నొక్కాడు, మేళం మొదలైంది. అంతే.

మరునాడు నేను బడి నుంచి వచ్చేసరికి నాయన టీవీ ముందు నేల మీద కూర్చొని ఉన్నాడు. క్యాసెట్టు సగంలో ఉంది. తెర మీద పెళ్ళికూతురు తలంబ్రాలు పోస్తోంది. ఆమె ముఖం నీళ్ళలోంచి తీసిన మనిషి ముఖంలా నీలంగా ఉంది. నవ్వుతోంది. పళ్ళు కూడా నీలమే. పురోహితుడు, పెళ్ళికొడుకు, ఓళిగలు వడ్డించేవాళ్ళు, అందరూ నీలమే.

వారం రోజులు నాయన వీడియో రంగులు సరిచేసే మిక్సర్ మీటలు తిప్పుతూ కూర్చున్నాడు. ముఖాలకు కాస్త రంగు తెస్తే పెళ్ళికూతురి పసుపుచీర బురదరంగుకు తిరిగేది. అంతా నలుపూ తెలుపు చేసేద్దామా అని కూడా ఆలోచించాడు. “ఇంత పెండ్లి చేసినోళ్ళకు నలుపూ తెలుపూ ఇస్తే మొగాన కొడతారు” అని తనలో తానే అనుకున్నాడు. ఒక సాయంత్రం బిస్కెట్ల డబ్బా తెచ్చి, గుడ్డ తీసి, కొత్త తెల్లకాగితం మీద పరిచాడు. నేను గడప దగ్గర నిలబడి ఉన్నాను. కాగితం పక్కన గుడ్డ ఇటుక కడిగిన నీళ్ళ రంగులో ఉంది. అది ఎర్రగా ఉందని నా కళ్ళకు మొట్టమొదటిసారి కనపడింది. నాయన చాలాసేపు దాన్నే చూశాడు. తిరిగి మడిచి డబ్బాలో పెట్టాడు. అమ్మను అడగలేదు, నన్ను అడగలేదు. అడిగితే చెప్పేద్దామని అక్కడే నిలబడ్డాను. ఆయన లేచి వెళ్ళి ముఖం కడుక్కున్నాడు.

పెళ్ళి వీడియో వచ్చిందంటే చుట్టాలందరినీ పిలిచి, మంచాలు కుర్చీలు వేసి, మండక్కి బొరుగులు కలిపి పెట్టి, సినిమాలా చూపించుకోవడం మా వైపు రివాజు. సావుకారు ఇంట్లోనూ అలాగే చేశారు. నాయన తానే టీవీ దగ్గర కూర్చొని రంగు సరిచేసే ప్రయత్నం చేశాడు. నేను అమ్మ పక్కన గోడకు ఆనుకొని కూర్చున్నాను. పెళ్ళికూతురు ముఖం పెద్దగా కనపడగానే ఆమె నాయనమ్మ పైట నోట్లో కుక్కుకుంది. “పాపకేమైందిరా? పోయినోళ్ళ మొగం మాదిరి ఉండాదే. ఆపండ్రా దాన్ని” అంది.

టీవీ ఆపేశారు. సావుకారు గట్టిగా కూడా మాట్లాడలేదు. “బేకంతనే చేసినావా?” అన్నాడు.

“కావాలని కాదప్పా. తప్పు నాదే. గుడ్డ సరిగ చూసుకోలేదు.”

“ఇన్నేండ్లు కెమెరా పట్టినోనికి తెలుపేదో తెలీదా? ధూళి మాటలు తగ్గిచ్చమన్నందుకు అవ్వ నా బిడ్డ మొగం మీద కక్ష తీర్చుకుండాది. నేనంత ఎర్రిగొడ్డునా?”

నాయన తలవంచుకొని నిలబడ్డాడు. ఉతికింది పిల్ల, తెలియక చేసింది అని ఒక్క మాట అంటే సావుకారు మెత్తబడేవాడేమో. పిల్లల తప్పుకు ఎవరైనా ఎంతసేపు కోప్పడతారు. ఆ మాట ఆయన అనలేదు. ఆయనకు తెలియదు కాబట్టి అనలేదని నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను. తెలిసిన నేను కూడా నోరు విప్పలేదు. అమ్మ కొంగు పట్టుకొని నేల చూస్తూ కూర్చున్నాను.

దసరాకు ముందే అవ్వ ఆగిపోయింది. ఊళ్ళో మాత్రం ఆమె పేరు ఇంకా పెరిగింది. సావుకారు బిడ్డను నీలంగా తీసి అవ్వ బుద్ధి చెప్పిందని హోటళ్ళలో చెప్పుకొని నవ్వుకున్నారు. “భలే చేస్తివప్పా” అని నాయన వీపు తట్టారు. వీపు తట్టినవాళ్ళెవరూ తమ ఇంటి పెళ్ళికి మాత్రం పిలవలేదు. తనది ఎదురుతిరగడం కాదని, తప్పు జరిగిందని నాయన మొదట్లో చెప్పేవాడు. ఎవరూ నమ్మలేదు. తర్వాత చెప్పడం మానేశాడు. చీరను ఉతికి మడిచి జేజికి ఇచ్చేస్తే, ఆమె దాన్ని దిండు కింద పెట్టుకుంది. ఆదివారం మధ్యాహ్నం టీవీ ముందు కూర్చొని, వస్తున్న సినిమాను చూస్తూ, “నా నోరు యాడ పెట్టినార్రా?” అని అడిగేది.

ఆ తర్వాత నాయన కూలిన గోడలను, గుద్దుకున్న లారీలను ఇన్సూరెన్సు వాళ్ళకోసం తీశాడు. కొన్నాళ్ళకు కెమెరా అమ్మేసి జెరాక్సు మెషిను పెట్టుకున్నాడు. ఒకరోజు ఉన్నట్టుండి గనులు ఆగిపోయాయి. లారీలు పెదనాయన పెరట్లో నిలబడి తుప్పు పట్టాయి. రెండు మూడు వానలకు ఆకులు పచ్చబడ్డాయి. మా చేలో మాత్రం మట్టి తీసేశాక కూడా ఏదీ సరిగ్గా మొలవలేదు. నాయన ఆ పచ్చని చెట్ల మధ్య దగ్గుతూ దగ్గుతూ పోయాడు. ఆసుపత్రిలో ఆయన మంచం మీద తెల్లదుప్పటి ఉండేది. దాని అంచును వేళ్ళ మధ్య నలుపుతూ, “బాగ ఉతికినారు” అన్నాడొకసారి. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. మందుల వేళయిందని లేచాను.

ఆ ఫోను వచ్చిన సాయంత్రమే దుకాణానికి వెళ్ళి సావుకారు ఇంటి పెళ్ళి క్యాసెట్టు పెట్టమన్నాను. అతను నాకు స్టూలు వేసి, చెవులకు పెట్టుకోమని హెడ్‌ఫోన్లు ఇచ్చాడు. “ఏముండాదక్కా దాంట్లో, గుడ్డనే గదా” అన్నాడు.

తెర మీద గీతలు కదిలాయి. తర్వాత తెరనిండా గుడ్డ. అంతకుముందు తీసిన పెళ్ళికి కుదిర్చిన రంగులే కెమెరాలో ఉన్నట్టున్నాయి, గుడ్డ ఉన్నదున్నట్టు కనిపించింది. ఎరుపు. లేత ఎరుపే, కానీ ఎవరికైనా తెలిసేంత ఎరుపు. రెండు పైకొసల్లో పిల్ల వేళ్ళు. గోళ్ళకు అప్పటి గోరింటాకు. పక్కన ఎక్కడో నాదస్వరం శ్రుతి చూసుకుంటోంది.

“రవ్వంత కిందికి దింపు పాపా. ఆఁ, సాలు.” నాయన గొంతు అంత దగ్గరగా వినపడేసరికి హెడ్‌ఫోన్లను రెండు చేతులా అదుముకున్నాను.

కెమెరా కొంచెం పక్కకు ఒరిగింది. అద్దంలోంచి కన్ను తీసి, మామూలు కంటితో చూసి ఉంటాడు.

“ఇది యాడ ఉతికిందమ్మా? హగరిలో గాదే.”

తర్వాత నా గొంతు, సన్నగా, తడబాటు లేకుండా. “హగరిలోనే నాయనా. తెల్లగనే ఉండాది.”

ఈ మాటలు నాకు గుర్తులేవు. డబ్బా గుర్తుంది, కొత్త చొక్కా గుర్తుంది, ఓళిగల వాసన గుర్తుంది. అబద్ధమాడిన ఈ ఒక్క ముక్క మాత్రం నాలోంచి ఎప్పుడు జారిపోయిందో తెలియదు. గుడ్డ పక్కనుంచి పురోహితుడు నడిచి వెళ్ళడం కనపడింది. ఆయన కట్టుకున్నది మడత నలగని కొత్త పంచె. నాయన రెండడుగులు వేసి కెమెరాను దానికి చూపిస్తే సరిపోయేది. ఏడాది పని దక్కేది, అవ్వ దక్కేది. అలా చూపిస్తే, నా అబద్ధం ఆయన నమ్మలేదని నేను పక్కనే నిలబడి చూడాల్సి వచ్చేది.

“సరేలే” అన్నాడు నాయన. గొంతులో కొంచెం నవ్వుంది, కొంచెం అలసట ఉంది. “నువ్వు తెల్లదంటే తెల్లదే పాపా.”

టిక్కుమని మీట నొక్కిన చప్పుడు. నా కళ్ళ ముందే గుడ్డలోని ఎరుపు పోయి, తెల్లగా, హగరిలో ఆరేసినంత తెల్లగా అయిపోయింది. దాన్ని పట్టుకున్న నా పది వేళ్ళూ నీలమైపోయాయి.

దుకాణమతను నా వైపు వంగి మెల్లగా అడిగాడు. “ఇంతవరకూ కోసి, పెండ్లి కాడి నుంచి పెట్టేదా అక్కా?”

“పెండ్లి కోసెయ్యప్పా” అన్నాను. “ఇంతవరకూ ఇయ్యి.”